పెట్టెలో లేని పడవ

కొత్తలంక క్రీడా చికిత్సా కేంద్రంలో పద్నాలుగు వీడియో ఆటలున్నాయని ఊళ్ళో అందరికీ తెలుసు. అవి ఎక్కడున్నాయన్న ప్రశ్న మాత్రం, భౌతిక ధ్రువీకరణ అధికారి పీతాంబరంగారు జీపు దిగేదాకా ఎవరికీ పుట్టలేదు.

ఆయన దిగిన వేళకి హైమావతి లోపలి హాల్లో మామగారి కుర్చీ పక్కన నిలబడి ఉంది. మామగారు ఓలేటి నూకరాజు ముప్పయ్యేళ్ళు గోదావరి మీద లాంచీ నడిపిన సారంగు. పోయిన ఏడాది పక్షవాతం వచ్చింది. మాట దక్కింది, నడక దక్కింది, కుడిచెయ్యి మాత్రం బిగించిన పిడికిలిలా ఉండిపోయింది. ఎడమచేత్తో, చెంచాతో అన్నం తినడం ఆయనకి ఎంత నామోషీ అంటే, భోజనం వేళ కిటికీలు కూడా వేయించుకునేవాడు.

"పులస పులుసు చెంచాతో తినేవోడు సారంగేంటే అమ్మాయ్? ఆడు ఏట్లో పడి సావాలి."

"అలా అనకండి మావయ్యగారూ. మీ చేత్తో మీరు కలుపుకుని తింటారు, నేను చూస్తాను," అనేది హైమ. అన్న మాట నిలబెట్టుకోవడం ఆమెకి అలవాటు. అందుకే వారానికి మూడు రోజులు ఆటో కట్టించుకుని ఈ కేంద్రానికి తీసుకొచ్చేది.

మొదట్లో రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నారు. "నేనేం పసిపిల్లోడినా?" అని ఆయన దాన్ని ఎడమచేత్తో కిటికీలోంచి విసిరేశాడు. వ్యాయామాలు చేయించే సలోమి మేడం ఆలోచించి, ఒకరోజు తెర మీద తొమ్మిదో నంబరు ఆట పెట్టింది. అందులో ఒక పడవ, ఒక ఏరు, రాళ్ళు, సుళ్ళు. చేతికి చిన్న చక్రం ఇస్తారు. అది తిప్పితే పడవ తిరుగుతుంది. నూకరాజు కాసేపు చూశాడు. "ఎవడే ఈ పడవ కట్టింది? నీళ్ళ మీద ఇంత ఎత్తు లేస్తే గాలికి పల్టీ కొట్టదూ?" అని తిట్టాడు. పడవ రాయి వైపు వెళుతోంది. తిట్టుకుంటూనే చెయ్యి చాపాడు. చాపింది కుడిచెయ్యి అని ఆయన గమనించలేదు. హైమ గమనించింది.

మూడు నెలల్లో బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు విచ్చుకున్నాయి. ఇంకో రెండు మిగిలాయి. సరిగ్గా అప్పుడు జీపు వచ్చింది.

"ఆటలు చూపించండి," అన్నారు పీతాంబరంగారు.

సూపరింటెండెంటు గంగాధరరావుగారు తెర కింద ఉన్న నల్లటి యంత్రాన్ని చూపించారు.

"అది యంత్రం. దానికి వేరే ఎంట్రీ ఉంది. యంత్రం ఒకటి, దానికి తెరలు ఆరు, సరిపోయింది. ఆటలు పద్నాలుగు. అవి ఏవీ?"

"అందులోనే ఉన్నాయండి. డిజిటల్."

"బయటికి తియ్యండి."

"బయటికి రావండి."

"రికార్డులో పద్నాలుగు. నా దృష్టికి సున్నా. మధ్యలో పద్నాలుగు ఆటలు ఏమైనట్టు?"

సలోమి మేడం చొరవ చేసి తెర మీద పద్నాలుగు బొమ్మలూ వరసగా చూపించింది.

"ఇవి బొమ్మలమ్మా," అన్నారాయన ఓపికగా. "మా ఇంట్లో గోడ మీద ఏనుగు బొమ్మ ఉంది. అంతమాత్రాన నేను ఏనుగును కలిగి ఉన్నట్టా?"

"సారూ, కూంత పక్కకి జరగండి," అన్నాడు నూకరాజు తెర కేసి తల వంచి. "సుడి వస్తంది."

ముప్పై రోజుల్లోగా సదరు ఆటలను భౌతిక రూపంలో హాజరుపరచాలని, లేని పక్షంలో బాధ్యులపై చర్య తీసుకోబడుతుందని రాసిచ్చి పీతాంబరంగారు వెళ్ళిపోయారు. ఇంకో అధికారి అయితే కంగారు పడేవాడు. గంగాధరరావుగారు ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఏనాడూ వస్తువు గురించి కంగారు పడలేదు. రికార్డు గురించే పడ్డారు. మర్నాడు బజార్లో కాజాల పెట్టెలు చేసే అతన్ని పిలిపించి, పావుకిలో సైజువి పద్నాలుగు చేయించారు. పైన తెల్ల రంగుతో ఒకటి నుంచి పద్నాలుగు దాకా నంబర్లు వేయించారు. మూత తెరిస్తే లోపల 'శుభకార్యములకు ఆర్డర్లపై చేయబడును' అని అచ్చు ఉండేది గానీ, మూత తెరవాలని ఏ నిబంధనలోనూ లేదు.

యంత్రానికి కూడా నంబరు కావలసివచ్చింది. స్టిక్కరు అతికించడానికి చదునైన చోటు కోసం వెతికి, ముందుభాగంలో ఉన్న సన్నటి కన్నం మీద అడ్డంగా అతికించారు.

పీతాంబరంగారు మళ్ళీ వచ్చి, పెట్టెలు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూశారు.

"చప్పుడు రావడం లేదేం?"

"ఆట యంత్రంలోకి ఎక్కించేశామండి. చప్పుడు కూడా దాంతోపాటే వెళ్ళిపోయింది."

పీతాంబరంగారు మెచ్చుకోలుగా తలాడించి, పద్నాలుగు గడుల్లోనూ ఒకే మాట రాశారు: 'స్థితి: చప్పుడు లేదు. సంతృప్తికరం.'

పెట్టెలు ప్రభుత్వ ఆస్తి అయ్యాయి కాబట్టి వాటికి ఒక బీరువా వచ్చింది. బీరువాకి తాళం, తాళానికి ఒక పుస్తకం వచ్చాయి. ఇకమీదట ఎవరు ఏ ఆట ఆడాలన్నా, ముందు ఆ ఆట పెట్టెను సంతకం చేసి తీసుకోవాలి. ఆడినంతసేపూ పెట్టె ఆ వ్యక్తి ఒళ్ళో ఉండాలి. పెట్టె ఒకరి ఒళ్ళో ఉండగా, అదే ఆట పక్క తెర మీద ఇంకొకరు ఆడకూడదు. ఒకావిడ పొరపాటున ఏడో పెట్టె పట్టుకుని ఎనిమిదో ఆట ఆడినందుకు సంజాయిషీ రాయవలసి వచ్చింది.

సంతకం దగ్గర నూకరాజు ఆగిపోయాడు. ముప్పయ్యేళ్ళు లాంచీ పుస్తకంలో తన పేరు తాను గుండ్రంగా రాసుకున్న మనిషి. గంగాధరరావుగారు సిరాపెట్టె ముందుకి తోశారు.

"ఎడమచేతి బొటనవేలు. ఇక్కడ."

"నన్ను నిశానీగాణ్ణి సేసేసారు," అన్నాడు నూకరాజు, వేలు హైమ కొంగుకి తుడుచుకుంటూ. హైమ కొంగు వెనక్కి తీసుకోలేదు. ఆ మరక ఎన్ని ఉతుకులకీ పోలేదు.

అలా నలభై ఆరు వేలిముద్రలు పడ్డాయి. నలభై ఏడోది వేసి, తొమ్మిదో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న రోజున, తెర మీద పడవకు బదులు నాలుగు వరసల అక్షరాలు వచ్చాయి. సలోమి మేడం చదివి చెప్పింది.

"ఈ ఆట మీకు అమ్మలేదట. ఆడుకోవడానికి అనుమతి మాత్రం ఇచ్చారట. ఆ అనుమతి నిన్నటితో అయిపోయిందట. ఇన్నాళ్ళూ ఆడినందుకు ధన్యవాదాలట."

"పడవేదీ?" అన్నాడు నూకరాజు.

"తీసేసుకున్నారు తాతగారూ."

"నా రేవులోకొచ్చి నా పడవ ఇప్పుకుపోడానికి ఆడెవడు?"

హైమ తిన్నగా సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళింది. గంగాధరరావుగారు ఆమె చెప్పిందంతా శ్రద్ధగా విని, ఆమె చేతిలోని తొమ్మిదో పెట్టెను తీసుకుని, చెవి దగ్గర ఆడించి, తిరిగి ఇచ్చారు.

"ఆట ఉందమ్మా."

"తెర మీద లేదండి."

"తెర మన రికార్డు కాదు. పెట్టె ఉందా, లేదా?"

"ఉంది."

"చినిగిందా?"

"లేదు."

"మరి ఆట పోయిందని ఫిర్యాదు ఎలా తీసుకోమంటారు? రేపు నన్ను ఎవరైనా అడిగితే, ఉన్న వస్తువును పోయిందని రాసినందుకు నేను జవాబు చెప్పాలి." ఆయన మంచివాడు కాబట్టి ఊరికే పంపలేదు, 'సదరు ఆట బీరువా నందు క్షేమముగా ఉన్నది' అని ముద్ర వేసి కాగితం కూడా ఇచ్చారు.

"ఈ కాగితం తిప్పితే మా మామగారి వేళ్ళు విచ్చుకుంటాయాండీ?" అంది హైమ.

ఆయన ఆ ప్రశ్నని చాలా గంభీరంగా తీసుకున్నారు. మర్నాటికల్లా ఒక సర్క్యులరు తయారైంది. తెర మీద కనబడని ఆటల విషయంలో, తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు, రోగి సదరు పెట్టెను ఒళ్ళో ఉంచుకుని, తెరకు ఎదురుగా, కేటాయించిన ఇరవై నిమిషాలు కూర్చొనవలెను. అది చికిత్సగానే పరిగణింపబడును.

నెల తిరిగేసరికి ఇంకో ఐదు ఆటల అనుమతులు అయిపోయాయి. హాల్లో ఆరుగురు కాజాల పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని, నల్లటి తెరలకేసి చూస్తూ, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళలా కూర్చునేవారు. ఒక రిటైర్డు మాస్టారు దీనివల్ల మనసు ప్రశాంతంగా ఉందని సలహాల పుస్తకంలో రాశారు. ఆటల వినియోగం నూటికి నూరు శాతమని పైకి నివేదిక వెళ్ళింది.

నూకరాజు మూడు రోజులు కూర్చున్నాడు. నాలుగోరోజు రానన్నాడు. పదిహేను రోజుల్లో విచ్చుకున్న వేళ్ళు మళ్ళీ లోపలికి ముడుచుకోవడం మొదలైంది. హైమ రోజూ పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి ఆ వేళ్ళు చూసేది. మొదట మూడోవేలు, తర్వాత రెండోది. నీళ్ళు లేని మొక్కలా ఒక్కొక్కటే వాలిపోతున్నాయి.

ఒకరోజు ఆమె ఒంటరిగా కేంద్రానికి వెళ్ళింది. "మేడం, ఈ ఆట ఇంకెక్కడా దొరకదా?"

సలోమి మేడం చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఇదే ఆట ఇదివరకు డిస్క్‌ల మీద వచ్చేది అక్కా. మన యంత్రానికి డిస్క్ పెట్టే కన్నం కూడా ఉంది."

"ఎక్కడ?"

"ఆ స్టిక్కరు కింద."

బస్టాండు వెనక బాషా కొట్టు ఉంది. ఒకప్పుడు ఊరంతటికీ క్యాసెట్లు అద్దెకిచ్చినవాడు, ఇప్పుడు జెరాక్సులు తీస్తున్నాడు. అమ్ముడుపోని డిస్కులు కొన్నింటిని తాడుకి గుచ్చి పావురాలు రాకుండా చూరుకి వేలాడదీశాడు. హైమ చెప్పింది విని, లోపల అటక మీది అట్టపెట్టె దింపి, దుమ్ము దులిపి, అరగంట వెతికాడు.

"ఇదేనేమో చూడమ్మా. పడవ బొమ్మ ఉంది."

"దీనికి అనుమతి ఎన్నాళ్ళు?"

బాషా ఆమెని ఎగాదిగా చూశాడు. "అనుమతేంటమ్మా? కొన్నాక మీదే. ఆ కంపెనీ మూసేసినా మీదే, నా కొట్టు మూసేసినా మీదే. గీత పడకుండా చూసుకోండి చాలు."

"బిల్లు రాయండి."

"ఈ ముష్టి డిస్క్‌కి బిల్లా?"

"రాయండి. ఓలేటి నూకరాజు పేరు మీద."

ఆమె ఉల్లిపాయలు కొన్నా చీటీ అడిగే మనిషి. బాషా నవ్వుకుంటూ బిల్లు పుస్తకం కోసం ఇంకో అరగంట వెతికాడు.

మర్నాడు హైమ మామగారిని ఎలాగో ఒప్పించి తీసుకొచ్చింది. సలోమి మేడం స్టిక్కరు గోటితో లేపుతూ ఆగింది. "అక్కా, ఇది తీస్తే తప్పేమో."

"యంత్రం మీద స్టిక్కరు ఉండాలని కదా నిబంధన? కన్నం మీదే ఉండాలని లేదు," అని హైమ దాన్ని జాగ్రత్తగా ఊడదీసి యంత్రం వెనకవైపు అతికించింది. డిస్క్ లోపలికి జారింది. యంత్రం ఒకసారి గుర్రుమంది. తెర మీద ఏరు వచ్చింది, రాళ్ళు వచ్చాయి, పడవ వచ్చింది.

నూకరాజు కుర్చీలో ముందుకు జరిగాడు. "ఎంత ఎత్తు కట్టాడో ఎదవ," అన్నాడు ఆప్యాయంగా.

అంతవరకూ అంతా బాగానే ఉంది. పొరపాటు హైమే చేసింది. ఆమె వంటింట్లో డబ్బాల మీద రాసి ఉన్నదానికీ లోపల ఉన్నదానికీ ఏ సంబంధమూ ఉండదు. కాఫీ పొడి డబ్బాలో మెంతులు, బిస్కట్ల డబ్బాలో ఎండుమిరపకాయలు, పౌడరు డబ్బాలో సూదులు. ఖాళీ డబ్బా కనిపిస్తే ఆమెకి ఊరుకోబుద్ధి కాదు. ఆట అవ్వగానే గీతలు పడకుండా డిస్క్‌ని ఎక్కడ పెట్టాలా అని చూస్తే, చేతిలో తొమ్మిదో పెట్టె ఉంది. ఖాళీగా ఉంది. సైజు కూడా సరిపోయింది.

రెండు నెలలు గడిచాయి. పెట్టె బీరువాలోంచి వచ్చేది, వేలిముద్ర పడేది, పడవ నడిచేది, పెట్టె బీరువాలోకి వెళ్ళేది. నాలుగోవేలు కూడా కదిలింది. వార్షిక ధ్రువీకరణకి పీతాంబరంగారు వచ్చి హాలు మధ్యలో బల్ల వేయించుకుని, పెట్టెలు ఒక్కొక్కటీ ఆడించడం మొదలుపెట్టారు. ఆ రోజు నూకరాజు వంతు ఇంకా రాలేదు. హైమ పక్కనే ఉంది.

ఎనిమిది పెట్టెలు నిశ్శబ్దంగా అయిపోయాయి. తొమ్మిదోది చెవి దగ్గర పెట్టుకోగానే లోపల కటకటమంది.

పీతాంబరంగారు పెట్టెను రెండో చెవి దగ్గరికి మార్చారు. మళ్ళీ ఆడించారు. మళ్ళీ కటకట.

"గంగాధరరావుగారూ, ఇది చప్పుడు చేస్తోంది."

"నిరుడు చెయ్యలేదండి. రికార్డు చూడండి."

సాక్షుల సమక్షంలో మూత తెరిచారు. శుభకార్యములకు ఆర్డర్లపై చేయబడును. దాని కింద, మెరుస్తూ, డిస్క్.

"ఇదేమిటి?"

"ఆటండి," అంది సలోమి మేడం.

"ఆట పెట్టెలో ఆట ఎలా వచ్చింది?" అన్నారు పీతాంబరంగారు. "పెట్టెయే ఆట అని ధ్రువీకరించి ఉండగా, అందులో ఇంకో ఆట ఉంటే మొత్తం పదిహేను. తక్కువైతే రద్దు చేసుకోవచ్చు. ఎక్కువైతే ఎవరిని పట్టుకోవాలి? దీన్ని తక్షణం స్వాధీనం చేసుకుంటున్నాను."

హైమ చేతిసంచీ తెరిచి బిల్లు తీసి బల్ల మీద పెట్టింది. "అది మీ సరుకు కాదండి. మా మామగారిది. కొన్నాం." తర్వాత గోడ మీది బోర్డు చూపించింది. కేంద్రం తెరిచిన రోజు నుంచీ అది అక్కడే ఉంది: 'రోగుల సొంత వస్తువులకు ఈ కేంద్రం బాధ్యత వహించదు.' "వహించదని మీరే రాశారు కదండీ."

పీతాంబరంగారు బోర్డు రెండుసార్లు చదివారు. బోర్డుకి నంబరు ఉంది, కాదనడానికి వీల్లేదు.

"అయితే యజమాని తన వస్తువు తాను అందుకున్నట్టు సంతకం చేయవలసి ఉంటుంది."

గంగాధరరావుగారు అలవాటు ప్రకారం సిరాపెట్టె ముందుకి తోశారు. నూకరాజు దాన్ని మోచేత్తో పక్కకి నెట్టాడు. పీతాంబరంగారి జేబు కేసి చూసి, "సారూ, ఆ పెన్నిలా ఇవ్వండి," అన్నాడు.

పెన్ను రెండుసార్లు కింద పడింది. మూడోసారి నిలబడింది. హైమ వంగబోయి ఆగిపోయింది. కాగితం మీద 'ఓ' వచ్చింది, వంకరగా. తర్వాత 'లే'. ఏటికి ఎదురెక్కే లాంచీలా ఒక్కో అక్షరం దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ కదిలి, చివరికి పేరంతా రేవుకి చేరింది. సలోమి మేడం ముఖం గోడవైపు తిప్పుకుంది.

పీతాంబరంగారు మాత్రం సంతకాన్నీ, పుస్తకంలోని వేలిముద్రల్నీ పక్కపక్కన పెట్టి భూతద్దంతో పరిశీలిస్తున్నారు.

"సరిపోలడం లేదు."

"ఏది సరిపోలడం లేదండీ?" అన్నారు గంగాధరరావుగారు.

"పెట్టె తీసుకున్న వ్యక్తి వేలిముద్ర వేసే మనిషి. డిస్క్ యజమాని సంతకం చేసే మనిషి. ఇద్దరూ వేరు. కాబట్టి ఈ డిస్క్‌కూ మన స్టాకుకూ సంబంధం లేదు. తీసుకెళ్ళవచ్చు." ఆయన కాస్త తేలికపడి, కాగితం కింద గీత గీసి ఇలా రాశారు: 'ఆటలు పద్నాలుగు, సరిపోయినవి. రోగులలో వేలిముద్ర రోగి ఒకరు తక్కువ. సంతకము రోగి ఒకరు ఎక్కువ. విచారించవలెను.'

మరుసటి వారం నుంచి హైమ డిస్క్‌ని తువ్వాలు, మంచినీళ్ళ సీసాతోపాటు సంచీలో పెట్టి తీసుకెళ్ళి, మళ్ళీ ఇంటికి తెచ్చుకునేది. ఇంట్లో అది ఉప్మారవ్వ డబ్బాలో ఉండేది. సంతకం రోగి కొత్తగా చేరినట్టు దరఖాస్తు పెట్టించుకున్నారు. వేలిముద్ర రోగి ఆచూకీ మాత్రం దొరకలేదు.

నలభై రోజుల తర్వాత రిజిస్టరు పోస్టులో ఒక మెమో వచ్చింది. అప్పుడు మధ్యాహ్నం భోజనాల వేళ. కిటికీలు తెరిచే ఉన్నాయి. హైమ వడ్డించడం ఆపి, కవరు చింపి, పైకి చదివింది.

"సదరు వేలిముద్ర రోగి నలభై రోజులుగా కేంద్రమునకు హాజరు కానందున, ఆతడు మీ గృహమందు ఉన్నచో వెంటనే భౌతిక ధ్రువీకరణకు హాజరుపరచవలెను. లేనిచో అందుకు గల కారణములను తెలియజేయవలెను."

నూకరాజు పళ్ళెంలో అన్నం మీద పులుసు పోసుకుని, ముద్ద కలిపి, ముల్లు వేలితో వెతికి తీసి పక్కన పెట్టాడు. చిటికెనవేలు ఇంకా మాట వినడం లేదు. మిగతా నాలుగూ చాలు. ముద్ద నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి, మింగాడు.

"ఆడింక రాడని రాసెయ్యి అమ్మాయ్."

హైమ కాగితం, పెన్ను తీసుకుంది. "కింద ఎవరు సంతకం పెట్టాలి మావయ్యగారూ?"

"ఉండు," అన్నాడాయన. "సెయ్యి కడుక్కుని వస్తాను."